తీగకి కట్టిన ఎర్ర ట్యాగ్

మా ఆవిడ దృష్టిలో నేను రిటైరయ్యాక చేసిన ఘనకార్యం ఒకటే. పెరట్లోకి ఒక దొంగని తీసుకొచ్చి, రోజూ పొద్దున్నే దానికి ఫోటోలు తీయడం. దొంగ అంటే మనిషి కాదు, ఒక పూలతీగ. లేత ఊదారంగు పూలు, గరాటు ఆకారంలో ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ రంగు చిక్కబడుతుంది. ఆకు అయిదు వేళ్ళుగా చీలి ఉంటుంది. భిలాయి-3 స్టేషన్లో చుట్టాలని రైలెక్కించి వస్తూ, పట్టాల పక్క కంచె నిండా అది విరగబూసి ఉంటే చూసి ఆగిపోయాను. జానెడు ముక్క తుంచి, జేబురుమాలు తడిపి చుట్టి, స్కూటర్ డిక్కీలో వేసుకుని వైశాలి నగర్‌లో మా ఇంటికి తెచ్చాను.

గేటు దగ్గరే పట్టుకుంది మా ఆవిడ.

"ఏటది?"

"పూలతీగ."

"పువ్వు కనిపిస్తన్నాదిలెండి. ఎక్కడిదని అడుగుతున్నాను."

"పట్టాల పక్కన కంచె మీద ఉంది. ఎంత బాగుందో చూడు."

"అన్ని రైళ్ళు పక్కనుంచి వెళ్తుంటేనే బెదరలేదంటే, మన గోడ దానికో లెక్కేటి?" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ అన్నవన్నీ జరుగుతాయని కాదు గానీ, ఇది మాత్రం అక్షరాలా జరిగింది.

నేను ముప్ఫై అయిదేళ్ళు ఇక్కడి స్టీలు ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చేసినవాణ్ణి. రోలింగ్ మిల్లులో ఎర్రగా కాలిన ఇనుము, నల్లటి దుమ్ము, గ్రీజు, ఇవే నా కంటికి తెలిసిన రంగులు. రిటైరయ్యాక అమ్మాయి ఒక మంచి ఫోను కొనిచ్చింది. నాతో పనిచేసి రిటైరైన వాళ్ళందరిదీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో తెల్లారేసరికి గుడ్ మార్నింగులు మొదలవుతాయి. ఎవరో ఎక్కడో తీసిన సూర్యోదయాలు, వెలుగులు చిమ్ముతున్న దేవుళ్ళు, అందరూ అందరికీ పంపగా పంపగా అరిగిపోయిన గులాబీలు. నేను మాత్రం సొంత పువ్వు పంపాలని పంతం పట్టాను. ఎవరైనా "వాహ్, క్యా బాత్ హై" అని పెట్టారంటే ఆ రోజు కూరగాయలకి వెళ్ళేటప్పుడు నా నడక వేరేగా ఉండేదని మా ఆవిడ అందరికీ చెప్పేది.

ఈ పువ్వుకి టైమింగు ఉంది. పొద్దున్న ఆరింటికి విచ్చుకుంటుంది, ఎండెక్కితే ముడుచుకుపోతుంది. అంచేత పొద్దుటి షిఫ్టుకి వెళ్ళినట్టే అయిదున్నరకి లేచి సిద్ధమయ్యేవాణ్ణి. గోనెపట్టా పరుచుకుని, దానిమీద వెల్లకిలా పడుకుని, కిందనుంచి పైకి తీసేవాణ్ణి. ఒకరోజు పువ్వు మీద మంచుబిందువులు కావాలనిపించి, ఇస్త్రీకి వాడే నీళ్ళ సీసాతో పిచికారీ చేస్తూ దొరికిపోయాను.

"మే నెలలో మంచేటండీ? భిలాయిలో?" అంది. ఆ ఫోటోకి గ్రూపులో అందరికంటే ఎక్కువ మెచ్చుకోళ్ళు వచ్చాయని చెప్పినా ఆవిడ మనసు మారలేదు.

ఫోనులో పోర్ట్రెయిట్ అని ఒక పద్ధతి ఉంది. అది పెడితే ముందున్న పువ్వు స్పష్టంగా పడి, వెనకున్నదంతా మసకైపోతుంది. అదేదో నా ప్రతిభే అన్నట్టు రోజూ అలాగే తీసేవాణ్ణి. ఆ వెనక పచ్చగా మసకగా కనిపించేది మా ఆవిడ కరివేపాకు చెట్టు.

ఆ చెట్టు సంగతి చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు బొబ్బిలి దగ్గర తమ పెరట్లోంచి ఒక పిలక తవ్వి, తడిగుడ్డలో కట్టి, రైల్లో కూతురి ఒళ్ళో పెట్టి పంపారు. టౌన్‌షిప్‌లో క్వార్టరు ఇచ్చాక మా ఆవిడ పొయ్యి కన్నా ముందు దాన్నే పాతింది. ఇక్కడ సొంతిల్లు కట్టుకుని వచ్చేటప్పుడు ఆ పెద్ద చెట్టు తేలేక, దాని పిలక ఒకటి తెచ్చుకుంది. మా వీధిలో ఎవరింట పోపు వేసినా ఆకు మాదే. ఎదురింటి హిందీ ఆవిడ "దీదీ, థోడా మీఠా నీమ్" అంటూ, అంటే కాస్త కరివేపాకు ఇమ్మని, వాళ్ళ మజ్జిగపులుసు కఢీ కాచినప్పుడల్లా గిన్నె పట్టుకుని వస్తుంది. మా అమ్మాయి పుట్టినప్పుడు పత్యానికి కరివేపాకు కారం అత్తగారి చెట్టు ఆకుతో కొట్టారు. తీగ వచ్చేనాటికి ఆ అమ్మాయికే నెలలు నిండుతున్నాయి. పెళ్ళయి పక్కనే కోహ్కాలో ఉంటోంది. దాని పత్యానికి ఈ చెట్టు ఆకే కోయాలని మా ఆవిడ ఎండాకాలం నుంచీ ఎవరినీ ఎక్కువ తుంచనివ్వలేదు. ఎదురింటావిడకి కూడా రెబ్బలు కొలిచినట్టే ఇచ్చేది.

జూన్‌లో మొదటి వానలు పడ్డాయి. గోడ మీదున్న తీగ ఒక్క దూకుతో కరివేపాకు నడుం పట్టుకుంది. వారానికోసారి వచ్చే మాలీ చూసి తల గోక్కున్నాడు. అతను ఇక్కడి వాడే, పక్కన పల్లె.

"సాబ్, యే తో బేషరమ్ కా ఛోటా భాయ్ హై" అన్నాడు.

బేషరమ్ అంటే ఇక్కడ కాలవ గట్ల వెంబడి గుబురుగా పెరిగే మొక్క. నరికి పారేస్తే పారేసిన చోటే మళ్ళీ లేచి నిలబడుతుంది కాబట్టి సిగ్గులేనిదని పేరు పెట్టారు. నా తీగ దానికి తమ్ముడట. మా ఆవిడ ఆ చుట్టరికం విని తెగ సంబరపడింది.

"తెచ్చినాయనకీ దగ్గర చుట్టమే" అని మాలీకి హిందీలో చెప్పింది. అతను మర్యాదకి నవ్వలేదు.

"అయితే కోయించీనా?" అని నన్నడిగింది.

"ఈ వారం మొగ్గలున్నాయి. పూసినాక చూద్దాం."

ఆ తీగకి మొగ్గలు లేని వారం ఉండదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

అప్పటికే నా రెండు కళ్ళలోనూ శుక్లాలు. విశాఖలో మా అక్క ఇంట్లో ఉండి ఆపరేషను చేయించుకోవాలని నిశ్చయమైంది. ముందు ఒక కన్ను, నెల ఆగి రెండోది. అమ్మాయి పురుడు దగ్గర్లో ఉంది కాబట్టి మా ఆవిడ ఇక్కడే ఉండిపోయింది. నేను లేకుండా రెండు నెలలంటే తీగ బతకదని నాకు అర్థమైపోయింది. ఆవిడ వంటింటి కత్తి నూరించిందని కూడా గమనించాను. బయల్దేరే రోజు నాకో తెలివైన ఆలోచన వచ్చింది.

ప్లాంటులో ఏ మెషీను మీదైనా పనిచెయ్యాలంటే ముందు కరెంటు ఆపించి, ఆ స్విచ్చికి మన పేరు రాసిన ఎర్ర ట్యాగ్ కడతాం. లోపల మనిషి ఉన్నాడు, స్విచ్చి వెయ్యకూడదని దానర్థం. ఎవరు కట్టారో వాళ్ళే వచ్చి తియ్యాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ఇంకొకరి ట్యాగ్ మీద చెయ్యి వెయ్యడు. అలాంటిది పాతది ఒకటి, నా పేరూ నా చేతిరాతా ఉన్నది, నా పెట్టెలో ఉండిపోయింది. దాన్ని తీసుకెళ్ళి తీగ మొదట్లో రాగితీగతో గట్టిగా కట్టాను.

"నేనొచ్చేదాకా ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. రూలు రూలే" అని గట్టిగా నవ్వాను.

మా ఆవిడ నవ్వలేదు. దాన్ని చూసి, నన్ను చూసి, "రైలుకి టైమవుతున్నాది" అంది. నా జోకు పేలలేదనుకున్నాను తప్ప వేరే ఆలోచన రాలేదు.

విశాఖలో ఒక కన్ను అయింది. అమ్మాయి రెండు వారాల ముందే ఆడపిల్లని కంది. మనవరాల్ని ఫోనులో ఒంటికన్నుతో చూశాను. నాలుగు రోజుల తర్వాత మా ఆవిడ ఫోను చేసి, పసిదాని నిద్ర సంగతీ పాల సంగతీ అన్నీ చెప్పి, చివర్లో అంది.

"తీగ కరివేపాకు మీదకంతా పాకిపోయిందండీ."

"పూస్తోందా?"

"పూయకేటి. చెట్టే కనపడ్డం లేదు."

"ఒక ఫోటో తీసి పెట్టు."

తర్వాత, "ఆ ట్యాగ్ ఏటి చెయ్యమంటారు?" అనడిగింది.

"ఇంకేటి చేస్తావు. నేనొచ్చి నా చేత్తో తీస్తాను. కొత్త కళ్ళతో ఆ రంగు చూడాలి నేను. అందాకా ఆగు."

"సరే" అంది.

ఫోటో పంపింది. ఎంత పువ్వో చెప్పలేను, గోడ నుంచి పైదాకా ఒకటే ఊదారంగు. నేను దాన్ని వెంటనే గ్రూపులో పెట్టి, కింద "మా తోట" అని రాశాను. బొటనవేళ్ళు, చప్పట్లు వరసకట్టి వచ్చాయి. ఆ ఫోటోలో పోర్ట్రెయిట్ లేదు, మసక లేదు, అంతా స్పష్టంగానే ఉంది. కరివేపాకు ఒక్క రెబ్బయినా కనిపించడం లేదన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. దానికి శుక్లాల మీద నెపం పెట్టడానికి లేదు, చూసింది ఆపరేషనైన కంటితోనే.

రెండో కన్ను కూడా అయ్యాక ఆగస్టు చివర్లో తిరిగొచ్చాను. పొద్దున్న రైలు దిగి ఆటోలో ఇంటికి చేరేసరికి వాన వెలిసి ఎండ కాస్తోంది. నల్ల కళ్ళజోడు పైకెత్తి చూశాను. ఊదారంగు అని ఇన్నాళ్ళూ నేననుకున్నది ఊదా కాదు, అందులో ఎంత నీలం ఉందో అప్పుడు తెలిసింది. పెరటి మూల పెద్ద పూలగుట్ట లేచి ఉంది. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను సంచీ కింద పెట్టి, ఇంట్లోకైనా వెళ్ళకుండా, ముందు ఫోను తీశాను. నాలుగు ఫోటోలు తీశాక, పువ్వు వెనక ఎప్పుడూ మసకగా పడే కరివేపాకు కోసం చూస్తే చెట్టు లేదు. ఆ గుట్ట లోపల ఉన్నదే చెట్టు.

నాకు కోపం వచ్చింది. తప్పు మనదైనప్పుడు వచ్చే కోపం మిగతా కోపాల కన్నా పెద్ద గొంతుతో వస్తుంది.

"ఇంట్లో మనిషి ఉండి చెట్టు ఇలా అయిపోతుంటే చూస్తూ ఊరుకున్నావా?" అని అరిచాను.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ మెట్ల మీదకి వచ్చింది. గొంతు పెంచలేదు.

"పక్కింటాయన్ని పిలిచాను. కత్తి పట్టుకునే వచ్చారు."

పక్కింటాయన ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. గోదావరి వైపు క్రైస్తవులు, ఆదివారం చర్చికి తప్ప ఎక్కడికీ ఇస్త్రీ చొక్కా వేసుకోని మనిషి. ఆయన కత్తెత్తి, ట్యాగ్ చూసి, దించేశాడట. "వదినగారూ, అన్నగారి ట్యాగ్ ఉందండి. ఆయనే వచ్చి తియ్యాలండి" అని వెనక్కి వెళ్ళిపోయాడట. మాలీ సంగతీ అంతే. అతనూ మాలీ పనిలోకి రాకముందు ప్లాంటులో కాంట్రాక్టు కింద చేశాడు. "సాబ్ కా ట్యాగ్ లగా హై, మై హాథ్ నహీ లగాఊంగా" అని చుట్టూ గడ్డి మాత్రం కోసి పోయాడట. చెబుతున్నంత సేపూ వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే వాళ్ళ స్థానంలో నేనున్నా అదే చేద్దును.

"వాళ్ళంటే ప్లాంటు మనుషులు. మరి నువ్వు? నీకేం రూలు? ఒక్క లాగు లాగితే ఊడిపోయేది" అన్నాను.

అప్పుడు ఆవిడ నా మొహంలోకి చూసింది.

"అమ్మాయికి రెండేళ్ళప్పుడు, పొద్దుటి షిఫ్టు నుంచి మూడింటికి వచ్చి కంచం ముందు కూర్చుని ఏటి చెప్పారో జ్ఞాపకముందా?"

నాకు లేదు.

"మోటారులో చేతులు పెట్టి ఉన్నారంట మీరు. ఎవడో కొత్తవాడు స్విచ్చి వేసీడానికి వచ్చాడంట. మీ ట్యాగ్ చూసి ఆగిపోయి టీకి వెళ్ళిపోయాడంట. ఆ అట్టముక్క లేకపోతే ఈపాటికి నీ మెళ్ళో పుస్తెలు ఉండవే అని చెప్పి నవ్వీసి, ఇంకాస్త పప్పు వెయ్యమని, తినీసి, పడుకుండిపోయారు. నేను పెరట్లో గిన్నెలు తోముకుంటూ ఎంత ఏడిచానో మీకు తెలీదు."

చేతిలో ఇంకా ఉన్న ఫోను జేబులో పెట్టేశాను.

"మీ పేరున్న ట్యాగ్. మీరక్కడ కళ్ళు కోయించుకుని బల్ల మీద పడుకుంటే, ఇక్కడ నేను దాన్ని నా చేత్తో తీసీనా? చెట్టు పోతే పోనీ అనుకున్నాను. అమ్మాయి పత్యానికి సంతలో కొన్న ఆకుతోనే కారం కొట్టీసాను."

అంత చెప్పి, కాఫీ చల్లారిపోతోందని లోపలికి వెళ్ళింది. నాకు సిగ్గేసింది. అంతకన్నా వేరే మాట వెతకను. ఆ ట్యాగ్ నన్నోసారి బతికించింది, నేను దాన్ని పూల ఫోటోల కోసం వేళాకోళానికి వాడుకున్నాను. ఆవిడ మాత్రం ఒక్క రోజు కూడా దాన్ని వేళాకోళంగా చూడలేదు. తనకి అంత ప్రాణమైన చెట్టుని దాని కిందే పోనిచ్చింది.

కాఫీ తాగాక వెళ్ళి ట్యాగ్ విప్పాను. రాగితీగ చుట్టూ కాడ మందంగా బలిసిపోయి, విప్పడానికి పటకారు కావలసి వచ్చింది. అప్పటికి పక్కింటాయనా మాలీ వచ్చి నిలబడ్డారు. పక్కింటాయన చేతులు కట్టుకుని, ఎంతో శ్రద్ధగా అడిగాడు.

"పని పూర్తయిందాండీ అన్నగారూ? మీ మనుషులందరూ బయటికొచ్చేశారాండీ?"

ట్యాగ్ తీసేటప్పుడు ప్లాంటులో అడగవలసిన ప్రశ్నే అది. జవాబు చెప్పేదాకా కత్తి ఎత్తనన్నాడు. "అందరూ వచ్చేశారు, లైను మీకు ఇచ్చేశాను" అని పద్ధతి ప్రకారం చెప్పించుకున్నాకే మొదలెట్టాడు. నేనూ చెయ్యి వెయ్యబోతే మా ఆవిడ ఆపింది. కళ్ళలో దుమ్ము పడకూడదని డాక్టరు చెప్పాడు కదా అని నల్ల కళ్ళజోడు పెట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. పెళ్ళిలో మర్యాదలకి అలిగిన మేనమామలా కూర్చుని చూశాను. తీగ తాకిన ప్రతి చోటా నేలలోకి వేరు దిగి ఉంది. రెండు రోజులు పట్టింది. మాలీ లాగిన ప్రతిసారీ "బేషరమ్" అనేవాడు. అతను తీగనే అంటున్నాడని అనుకోవడానికి ప్రయత్నించాను.

లోపల చెట్టు బయటపడింది. బరువుకి పై కొమ్మ విరిగి వేలాడుతోంది. మిగతా కొమ్మలు ఎండ తగలక పాలిపోయి, అక్కడక్కడ పసుపుపచ్చ రెబ్బలు. నడుం దాకా కోసేస్తే బతకొచ్చు, బతక్కపోవచ్చు అన్నాడు మాలీ. కత్తి అతని చేతిలోంచి మా ఆవిడ తీసుకుంది. పిలక పాతినప్పుడు నేను చేతి సాయం చెయ్యలేదు, కోసేటప్పుడూ ఆవిడ ఎవరి సాయం అడగలేదు. రాలిన పసుపు రెబ్బ ఒకటి నలిపి వాసన చూసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయింది. నేను కళ్ళజోడు తియ్యలేదు. కళ్ళు తడవకూడదని డాక్టరు చెప్పలేదు గానీ, చెప్పే ఉంటాడనుకున్నాను.

అప్పట్నుంచి నా పొద్దున్న షిఫ్టు మారిపోయింది. అయిదున్నరకే లేస్తాను, కానీ ఫోను బదులు కలుపు తవ్వే తొలిక పట్టుకుంటాను. తీగ ఎక్కడో ఒకచోట రెండాకులతో తలెత్తుతూనే ఉంటుంది. ఎదురింటావిడ గిన్నెతో వస్తే, మా ఆవిడ లోపల్నుంచే "సాబ్ సే పూఛో" అంటుంది. ఆకు ఎందుకు లేదో, తీగ ఎక్కణ్ణుంచి వచ్చిందో, ట్యాగ్ ఎవరు కట్టారో, మొదట్నుంచీ చెప్పుకోవలసింది నేనే. వీధిలో ఇప్పటికి అందరికీ చెప్పాను. కొందరు రెండోసారి వినడానికి కూడా వచ్చారు. గ్రూపులో ఏమైంది మీ పువ్వులు అని అడిగితే, ఒకరోజు ఆ మోడు ఫోటో పెట్టాను. ఎవరూ బొటనవేలు ఎత్తలేదు. ఒకాయన మాత్రం పొరపాటున పెట్టావేమో చూసుకో అని రాశాడు.

దసరా వెళ్ళాక మోడు పక్కనుంచి చిగురు వచ్చింది. ఎర్రగా, మెత్తగా, నిగనిగలాడుతూ ఉంది. ఆవిడ పాలవాడితో చెప్పింది, పక్కింటివాళ్ళతో చెప్పింది, అమ్మాయికి ఫోను చేసి చెప్పింది. నాతో చెప్పలేదు. నేనూ చూసి చూడనట్టు ఊరుకున్నాను. ఒక్క ఆకైనా తుంచకుండా నెల రోజులు ఆగింది.

మొన్న మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. పొద్దున్నే కోహ్కా వెళ్ళి వచ్చింది కదా, ఏమిటి విశేషం అని అడిగితే, "రెండు రెబ్బలు కోశాను. ఒకటి అమ్మాయికిచ్చీసాను" అంది. రెండోది ఏమైందో చెప్పలేదు. అన్నం మీద చారు పోసింది. పోపులోంచి ఒక కరివేపాకు జారి నా కంచంలోకి వచ్చింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ కరివేపాకు ఏరి కంచం అంచున పెట్టడం నా అలవాటు. ఈసారి కూడా వేలు దాన్ని అంచు దాకా నెట్టేసింది. తలెత్తితే ఆవిడ నా వేలుకేసే చూస్తోంది.

ఆకుని వెనక్కి లాగి, అన్నంలో కలిపి, నోట్లో పెట్టుకుని నమిలాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. కొంచెం చేదు, కొంచెం ఘాటు, చివర్లో ఏదో కమ్మదనం. ఎలా ఉందని ఆవిడ అడగలేదు. గరిటెతో చారు గిన్నెలో అడుగునుంచి వెతికి వెతికి, ఇంకో నాలుగు ఆకులు తీసి నా అన్నం మీద వేసింది.